అక్క ఫైల్లో యల్లాప్రగడ

ఈసారి సంచికకి ఒక తెలుగు ప్రముఖుడి జీవితం రాసివ్వమని మా క్లబ్ ఎడిటర్ అడిగింది. సీఎస్ఈ వాళ్ళకి ఈ క్లబ్‌లో మామూలుగా ఇచ్చేది పోస్టర్ డిజైన్ పని. అందుకని కొంచెం భయపడ్డాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం నాది. ఒత్తులు ఎక్కడైనా తప్పితే క్షమించండి, ఫోన్ కీబోర్డు దిద్దినంత వరకే దిద్దాను.

నేను రాస్తున్నది యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి. స్కూల్లో జీకే పుస్తకంలో ఆయన ఒక లైను. దాన్ని బట్టీ పట్టి, పరీక్షయ్యాక మర్చిపోయా. మళ్ళీ ఆయన దొరికింది మా అక్క హాస్పిటల్ ఫైల్లో. ఇది రాయొచ్చా అని అక్కని అడిగితే, రాయి కానీ నా పేరు పెట్టకు అంది.

మేముండేది చైతన్యపురిలో. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టాపే ఎల్బీనగర్. ఆ కాస్త దూరంలో కిటికీలోంచి ముఖ్యంగా రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలతో కోచింగ్ సెంటర్లవి ఒకటి, నవ్వుతున్న పసిపాపల ఫొటోలతో సంతాన సాఫల్య కేంద్రాలవి ఇంకొకటి. మొదటి రకం నా గురించి కాబట్టి చూసేవాణ్ణి. రెండో రకం ఎవరికోసమో ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయిన ఏడాది జూన్‌లో అక్కకి నెల తప్పింది. పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. ఇంట్లో చేసుకున్న టెస్టులో రెండు గీతలొచ్చాయి. అమ్మ ఆ రోజే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్ళొచ్చింది. డాక్టర్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసింది. ఆరో వారంలో ఒక రాత్రి అక్కకి కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలైంది, కొంచెం రక్తం కూడా కనిపించింది. బావకి నైట్ షిఫ్ట్. నాన్న ఊళ్ళో లేడు. అమ్మా నేనూ ఆటోలో తీసుకెళ్ళాం.

స్కానింగులో గర్భసంచి ఖాళీగా ఉంది. పిండం కుడివైపు ట్యూబులో, అంటే అండాశయం నుంచి గర్భసంచికి వెళ్ళే సన్నటి దారిలోనే ఆగిపోయి అక్కడే పెరుగుతోంది. అక్కడ అది బతకదు. పెరిగేకొద్దీ ట్యూబు పగులుతుంది, లోపల రక్తం పోతుంది, తల్లి ప్రాణానికే ముప్పు. డాక్టర్ చెప్పిన దారులు రెండు. ఆపరేషన్ చేస్తే ట్యూబు తీసేయాల్సి రావచ్చు. తొందరగా కనిపెట్టారు, ముద్ద చిన్నది, గుండె చప్పుడు ఇంకా లేదు, రక్తంలో హార్మోన్ కూడా మరీ ఎక్కువ లేదు కాబట్టి ఇంజెక్షన్‌తో ప్రయత్నించొచ్చు. అక్క ఇంజెక్షనే అంది. మందు పేరు మెథోట్రెక్సేట్. వెళ్ళిపోతూ డాక్టర్ ఇంకో మాట అంది: ఇవాళ్టి నుంచి ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపెయ్యాలి.

నేను బయట వాటర్ కూలర్ పక్కన నిలబడి మందు పేరు గూగుల్ చేశా. కేన్సర్ మందు అని వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. అమ్మకి చెప్పలేదు. ఇంకా చదివితే, అది శరీరంలో ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందట. మాత్రలు ఎందుకు ఆపమన్నారో అప్పుడు అర్థమైంది. ఫోలిక్ యాసిడ్‌ని మొదట తయారుచేసిందెవరు అని చూశా. అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్, పరిశోధనలకి డైరెక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. దానికి అడ్డుపడే మందుల్ని తయారుచేసిందెవరు అని చూశా. మళ్ళీ అదే ల్యాబు, అదే పేరు. అక్క చీటీలో ఒకటి కొట్టేసి దాని కింద ఇంకోటి రాశారు. రెండూ ఒకే చోట పుట్టినవి. ఆ రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆయన గురించే చదివా. నిద్ర ఎలాగూ రాదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్న జగన్నాథం, అమ్మ వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన మూడోవాడు. ఇంట్లో డబ్బు లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేశారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు వెళ్ళి చదివాక. బ్యాక్‌లాగులున్న మా బ్యాచ్‌లో కొంతమందికి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి ప్రభావంతో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ క్లాసుకెళ్ళాడు. తెల్లదొర ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్.

1919లో పెళ్ళయింది. అమ్మాయి పేరు శేషగిరి, తూర్పుగోదావరి అనపర్తి వాళ్ళు. ఆ రోజుల్లోనే వాళ్ళింట్లో పెద్ద దెబ్బ తగిలింది. కొద్దిరోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మనవాళ్ళు సంగ్రహణి అంటారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తయారుకాదు, మనిషి ఎండిపోతాడు. తర్వాత ఈయనకీ అదే వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి మందులతో కోలుకున్నాడు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. ఆ జబ్బుకి అసలు మందు కనిపెట్టాలన్న పట్టుదలతో అమెరికా ప్రయాణమయ్యాడు. డబ్బుకి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేశారు.

1920ల మొదట్లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చేశాడు. ఫీజు సరే, తిండికి? ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశాడు, రోగుల మూత్రపాత్రలు కడగడం కూడా ఆ పనిలో భాగమే. ఇక్కడ అనపర్తిలో కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డని తండ్రి చూడనేలేదు. భార్యని కూడా మళ్ళీ చూడలేదు. పాతికేళ్ళు అమెరికాలో ఉండి, ఒక్కసారీ ఇండియా రాకుండా అక్కడే చనిపోయాడు.

దీన్ని ఏమనాలో నాకు తెలీదు. ఆయన మీద రాసేవాళ్ళు చాలామంది దీన్ని త్యాగం అని ఒక్క ముక్కలో దాటేస్తారు. త్యాగం ఎవరిది? శేషగిరి గారిని అడిగి ఉంటే ఏమనేవారో? హాస్పిటల్లో కూర్చుని చదువుతున్నప్పుడు నాకు ల్యాబు కంటే ఆవిడే ఎక్కువ గుర్తొచ్చారు. బిడ్డ పోయిన పిల్ల, పక్కన భర్త లేడు, ఉత్తరాలు ఓడల్లో రావాలి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి 1925లో ప్రచురించారు. దాన్ని ఇప్పటికీ ఇద్దరి పేర్లతో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ కొలతల్లోంచే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఏటీపీ 1929లో బయటపడ్డాయి. ఏటీపీ అంటే ఇంటర్ బయాలజీ వాళ్ళకి తెలుసు, కణాలన్నీ వాడుకునే శక్తి. మాకు చెప్పాలంటే కరెంటు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, కానీ పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయాడు.

ఇక ఫోలిక్ యాసిడ్. దాని కథ ఆయనతో మొదలు కాలేదు, మన దేశపు గర్భిణులతో మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, గర్భంతో ఉన్న మిల్లు కార్మికులకి వచ్చే తీవ్రమైన రక్తహీనత మీద పనిచేసింది. వాళ్ళకి ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే రక్తం పట్టింది. అందులో ఏముందో ఆమెకి తెలీదు, ఏదో ఉందని మాత్రం 1931లో రాసింది. మద్రాసులోనూ కొన్నాళ్ళు పనిచేసింది, గోషా ఆస్పత్రిలో. తర్వాత పదేళ్ళకి పాలకూర ఆకుల్లోంచి దొరికినదానికి ఆకు అనే అర్థంతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ టన్నుల కొద్దీ ఆకులు ఉడికిస్తే వచ్చేది చిటికెడు. సుబ్బారావు గారి బృందం దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి ల్యాబులోనే తయారుచేసింది. స్ప్రూకి పనిచేసింది. అన్నదమ్ముల్ని చంపిన జబ్బుకి మందు పాతికేళ్ళకి దొరికిందన్నమాట. గర్భిణుల రక్తహీనతకీ పనిచేసింది.

మరి గర్భిణులకే అది ఎందుకంత కావాలి? కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకి కాపీ తీసుకోవాలి. ఆ కాపీకి ముడిసరుకు తయారవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. పిండంలో కణాలు చాలా జోరుగా చీలుతాయి. రోజుకి 400 మైక్రోగ్రాములు, అదీ గర్భం రాకముందు నుంచే వేసుకోమనేది అందుకే. బిడ్డ వెన్ను, మెదడు మొదటి నెలలోనే రూపుకడతాయి. నెల తప్పిందని తెలిసేసరికి సగం పని అయిపోతుంది. ఇంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి ముందునుంచే ఈ మాత్రలిస్తే, మళ్ళీ అలా పుట్టే ప్రమాదం 72 శాతం తగ్గిందని 1991లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

నెలనెలా ఆడవాళ్ళ శరీరంలో జరిగేది ఒక లూప్ లాంటిది. అక్క ఉన్న ఇంట్లో పుట్టి పెరిగి, ఇంత వయసొచ్చేదాకా నాకిది తెలీదంటే సిగ్గుగా ఉంది. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. అది అండాశయంలోని చిన్న చిన్న తిత్తుల్ని పెంచుతుంది. తిత్తి గోడల కణాలకి ఈ హార్మోన్ లోపలికి రాదు, బయటే తలుపు కొడుతుంది. ఆ చప్పుడుకి కణం లోపల ఏటీపీని కొంచెం మార్చి, సైక్లిక్ ఏఎంపీ అనే కబురు తయారుచేసుకుంటుంది. అవును, 1929 నాటి ఏటీపీయే. తిత్తి పెరిగేకొద్దీ ఈస్ట్రోజన్ పెరుగుతుంది, ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరని మందం చేస్తుంది. అది బాగా పెరిగి ఒకటి రెండు రోజులు అలాగే నిలిస్తే, పిట్యూటరీ ఒక్కసారిగా ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ని కుమ్మరిస్తుంది. ఒకటిన్నర రోజులో తిత్తి పగిలి అండం బయటికొస్తుంది. ఖాళీ అయిన తిత్తి ఊరికే ఉండదు. పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ ఇస్తుంది, పొరని నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో ఆ ముద్ద ఎండిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, నెలసరి వస్తుంది, లూప్ మళ్ళీ మొదలు.

గర్భం వస్తే పిండం హెచ్‌సీజీ అనే హార్మోన్ పంపుతుంది. పసుపు ముద్దా, ఎండిపోకు, నేనున్నాను అని చెప్పడమే దాని పని. టెస్టులో గీత వచ్చేది దానివల్లే. అక్క విషయంలోనూ అంతే జరిగింది. పిండం ట్యూబులో ఉండి కబురు పంపింది. అండాశయానికి కబురు అందుతుంది కానీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. అందుకే నెల తప్పింది, రెండు గీతలొచ్చాయి, అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపించింది.

రాయ్ హెర్ట్స్ అనే అమెరికన్ డాక్టరు 1940లలో కోడిపిల్లల మీద ఒక ప్రయోగం చేశాడు. కోడిపిల్లకి ఈస్ట్రోజన్ లాంటి హార్మోన్ ఇస్తే దాని అండవాహిక ఎన్నో రెట్లు పెరుగుతుంది. కానీ ఫోలిక్ యాసిడ్ లేని మేత పెట్టిన పిల్లల్లో, హార్మోన్ ఎంతిచ్చినా అది పెరగలేదు. అంటే హార్మోన్ పెరగమని ఆర్డరేస్తుంది కానీ, సరుకు లేకపోతే ఆర్డర్ ఆర్డర్‌గానే ఉండిపోతుంది. ఆడవాళ్ళ పునరుత్పత్తి అవయవాలు, పిండం, మాయ, వీటన్నిటికీ ఫోలిక్ యాసిడ్ ఆకలి ఎక్కువని అతనికి అర్థమైంది.

అదే సమయంలో లెడర్లీలో సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌కి నకళ్ళు తయారుచేస్తోంది. చూడ్డానికి అదే, పని మాత్రం చేయదు. కణం నిజమైనదనుకుని పట్టుకుంటుంది, ఇరుక్కుపోతుంది. అలాంటిదే అమినోప్టెరిన్. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947లో రక్త కేన్సర్ పిల్లలకి ఇచ్చాడు. అంతకుముందు ఆ పిల్లలకి మందనేదే లేదు. కొందరిలో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. అవే రోజుల్లో బోదకాలుకి హెట్రజాన్, తర్వాత ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆ ల్యాబు నుంచే వచ్చాయి. ఒక్కోదానికీ ఒక్కో వ్యాసం కావాలి, ఇక్కడ వదిలేస్తున్నా.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. వయసు 53. చివరిదాకా భారత పౌరుడిగానే ఉన్నారు.

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి, 1956లో, హెర్ట్స్‌తో కలిసి పనిచేస్తున్న మిన్ చ్యూ లీ మెథోట్రెక్సేట్‌ని కోరియోకార్సినోమా ఉన్న ఆడవాళ్ళకి ఇచ్చిన ఫలితాలు వచ్చాయి. గర్భం తాలూకు మాయ కణాలే కేన్సరై ఊపిరితిత్తుల దాకా పాకే జబ్బది. గడ్డలు కరిగిపోయాయి. లీ అక్కడ ఆగలేదు. మూత్రంలో హెచ్‌సీజీ ఇంకా కొంచెం కనిపిస్తోంది, అంటే కణాలింకా ఉన్నాయని మందు కొనసాగించాడు. కళ్ళకి కనిపించని జబ్బుకి విషం లాంటి మందు ఇస్తున్నాడని ఆయన్ని ఉద్యోగంలోంచి పంపేశారు. తర్వాత తెలిసిందేంటంటే, హెచ్‌సీజీ పూర్తిగా పోయేదాకా మందిచ్చిన వాళ్ళే నిలబడ్డారు. మందుతో నయమైన మొదటి గడ్డ కేన్సర్ అదేనంటారు. గర్భసంచి తీసేయకుండానే నయమైన వాళ్ళలో తర్వాత పిల్లల్ని కన్నవాళ్ళూ ఉన్నారు. ట్యూబులో గర్భానికి ఇదే మందు వాడొచ్చని 1982లో మొదలైంది. కబురు పంపే కణాల్ని ఆకలితో మాడ్చడమే రెండుచోట్లా సూత్రం.

అక్కకి ఇంజెక్షనయిన మూడోరోజు నొప్పి ఎక్కువైంది. ట్యూబు పగిలిందేమోనని పరుగెత్తాం. మళ్ళీ స్కాన్ చేసి, పగల్లేదు, మందు పనిచేసేటప్పుడు ఇలా ఉండొచ్చు అన్నారు. నాలుగో రోజు హెచ్‌సీజీ 2380. ఇంజెక్షన్ రోజు కంటే పెరిగింది. అమ్మ ఏడ్చింది. డాక్టర్ నాలుగో రోజుని పట్టించుకోవద్దు, నాలుగు నుంచి ఏడుకి కనీసం 15 శాతం తగ్గిందా లేదా అదే లెక్క అంది. ఏడో రోజు రిపోర్ట్ నా ఫోన్‌కే వచ్చింది. 1690. నేను కాలిక్యులేటర్ తీసి చూశా. 29 శాతం తగ్గింది. ఇంజినీరింగులో చేరాక నాకు ఇంతగా పనికొచ్చిన లెక్క ఇంకోటి లేదు.

తర్వాత వారం వారం పరీక్ష. ఐదు కంటే తక్కువ వచ్చేసరికి ఆగస్టయింది. ఈలోగా చుట్టాల్లో ఒకావిడ ఇంటికొచ్చి, పిల్ల ఏం తిందో, ఏ బరువు ఎత్తిందో అని ఆరాలు తీసింది. ఏం తిన్నా ఏం ఎత్తినా పిండం ట్యూబులో ఆగదని నేను మధ్యలో చెప్పా. మగపిల్లాడివి నీకెందుకురా ఈ మాటలు అంది ఆవిడ. అక్క మాత్రం ఆ రోజు రాత్రి నన్ను పిలిచి, నువ్వు చదివిందంతా మొదట్నుంచి చెప్పు అంది. చెప్పా. శేషగిరి గారి దగ్గర ఆపి, ఆవిడకి తర్వాత ఏమైంది అనడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సెప్టెంబర్‌లో అక్కకి నెలసరి వచ్చింది. మూడేళ్ళుగా ప్రతి నెలా ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడేవాళ్ళు కాదు. ఈసారి అక్కే వచ్చి అమ్మకి చెప్పింది. కబురు ఆగింది, పసుపు ముద్ద ఎండింది, పిట్యూటరీ మళ్ళీ పని మొదలుపెట్టింది. అమ్మకి ఇవన్నీ తెలీవు, సేమ్యా పాయసం చేసింది.

మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా గర్భం రాకూడదు, వస్తే బిడ్డకే ప్రమాదం. అందుకని మూడు నెలలు ఆగమన్నారు. నవంబర్‌లో డాక్టర్ కుడి ట్యూబు ఉంది, రెండు అండాశయాలూ బాగున్నాయి అని చెప్పి, చీటీ మీద మళ్ళీ ఫోలిక్ యాసిడ్ రాసింది. ఎల్బీనగర్ మెట్రో కింద మెడికల్ షాపులో నేనే కొన్నా. స్ట్రిప్ వెనక కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ధర ఉన్నాయి. ఆ రాత్రి అన్నం తిన్నాక అక్క ఒక మాత్ర వేసుకుని, మిగతా స్ట్రిప్‌ని పాత రిపోర్టులున్న ఫైల్లోనే పెట్టింది.